బర్రె చెడగొట్టిన క్రిస్మస్ ఫోటో

మా ఇంట్లో ఒకే ఒక్క పాత ఫోటో ఉంది. అరచేతి కంటే కొంచెం పెద్దది. మొన్న మనవరాలు పెట్టె సర్దుతూ దాన్ని బయటికి తీసింది. భూతద్దం పట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంది. చదువుకున్న పిల్ల. చేతికి ఏది దొరికినా అందులోంచి ఏదో ఒకటి తేల్చనిదే లేవదు.

"అవ్వా, ఇది క్రిస్మస్ నాటకం గద? గిదిగో చుక్క. వీళ్ళు ముగ్గురు జ్ఞానులు. ముసుగేసుకున్నది మరియమ్మ."

"అవు. ఆ మరియమ్మను నేనే."

ఒకసారి నా ముఖం చూసింది, ఒకసారి ఫోటో చూసింది. నమ్మినట్టు లేదు. మళ్ళీ వంగింది.

"పాపం, అందరి మొకాలు చెదిరిపోయినయి. భయపడ్డట్టున్నరు. ఎడమ దిక్కు నల్లగ మబ్బు లెక్క ఉన్నదేంది? కొమ్ములు గూడ ఉన్నయి. సైతాను వేషమా అవ్వా? క్రిస్మస్ నాటకంల సైతాన్ను పెట్టిన్రంటే మీ సారుది పెద్ద తలకాయే!"

నాకు నవ్వు ఆగలేదు. నోట్లో ఉన్న వక్క గొంతులో పడి, దగ్గూ నవ్వూ కలిసి కండ్ల నీళ్ళు కారాయి. అది నా వీపు చరుస్తూనే చదువు మానలేదు.

"తొట్టిల బొమ్మ ఒక్కటే సక్కగ వచ్చింది. బొమ్మ గద, కదలదు. ఇగ ఈ కింద ఎర్రటి మరక ఉన్నది, తడిబట్టతోని తుడుస్త..."

"దాని జోలికి పోకు!"

నేను అరిచిన అరుపుకు భూతద్దం దాని ఒళ్ళో పడింది.

ఇట్లా వదిలేస్తే నేను పోయాక ఆ ఫోటోలో సైతానే మిగిలిపోతాడు. అందుకని రాస్తున్నాను. నాది మిషను బడిలో మూడో తరగతి చదువు. అక్షరం వంకరపోతే పోవచ్చు గాని, సంగతి వంకరపోదు.

అప్పుడు మేం గోపాల్‌పేట దగ్గరి ఒక పల్లెలో ఉండేవాళ్ళం. నాకు తొమ్మిదేళ్ళు. నాయిన రాయచూరు అవతల ఎక్కడో మట్టి పనికి పోయాడు. పోయేనాటికి అమ్మకు ఐదో నెల. నా తర్వాత అమ్మకు ఇద్దరు మగపిల్లలు పుట్టారు. ఇద్దరూ నాయిన పనిలో ఉండగానే పుట్టారు, ఆయన తిరిగి వచ్చేలోపలే పోయారు. రెండుసార్లూ నాయిన రాయచూరు సంతలో కొన్న రంగుల గిలక్కాయ చేతిలో పట్టుకుని గడప దాకా వచ్చి, అమ్మ ముఖం చూసి ఆగిపోయాడు. ఆ రెండు గిలక్కాయలూ మా గుడిసె చూరులో అట్లాగే ఉండేవి. ఎవరూ వాటిని తీసేవాళ్ళు కాదు.

మూడోవాడు పుట్టిన కబురు అందాక నాయిన దగ్గర్నుంచి ఒకటే మాట వచ్చింది. తెచ్చింది మా చిన్నాయన. నాయినతో పాటే మట్టి మోసేవాడు, చలిజ్వరం తగిలి ఇంటికి వచ్చాడు.

"వదినా, అన్న గిట్ల చెప్పమన్నడు. ఈసారి పోరన్ని కండ్ల జూసినంకనే పేరు. అప్పటిదాక ఎవ్వలు పేరు పెట్టొద్దంట. బతికిండంటె గూడ నమ్మనంటుండు."

అమ్మ పిల్లవాణ్ణి ఇంకా గట్టిగా హత్తుకుంది.

అట్లా మా తమ్ముడు ఏడు నెలలు నిండినా పేరు లేకుండా ఉన్నాడు. మా అవ్వ, అంటే నాయిన తల్లి, వాణ్ణి "ఓ పెద్దమనిషీ" అని పిలిచేది. నేను "ఒరేయ్" అనేదాన్ని. ఆదివారం నాడు బడి సారు, ఆయనే మా పల్లెలో ప్రార్థన కూడా చేసేవాడు, ఒకటే సణుగుడు.

"పేరు లేనోని కోసం ప్రార్థన ఎట్ల జేయాలె అవ్వా? ఏమని జెప్పాలె?"

"పెద్దబర్రె ఇంటోళ్ళ పోరడని జెప్పు. దేవునికి మా ఇల్లు తెల్వదా?" అనేది అవ్వ.

పెద్దబర్రె అంటే అవ్వ బర్రె. దాని సంగతి వస్తుంది.

ఆ ఏడు క్రిస్మస్‌కు బడి పిల్లల నాటకం ఫోటో కావాలని మిషను బంగ్లా నుంచి కబురు వచ్చింది. సముద్రం అవతల సీమలో ఉన్న దొరలకు పంపుతారట. గద్వాల నుంచి ఫోటో సాయిబు వస్తాడట. ఆ మాట చెవినపడగానే అమ్మ చేతిలోని చాట ఆగింది.

"అత్తా, ఫోటోల జూస్తె గూడ కండ్ల జూసినట్టే గద?"

అవ్వ "కండ్లతోనే గద జూసేది," అంది.

అమ్మ ఆ సాయంత్రమే పిల్లవాణ్ణి ఎత్తుకుని సారు దగ్గరికి పోయింది. నేను వెంట ఉన్నాను. సారు చెడ్డవాడు కాదు, పరేషాన్ మనిషి. ఫోటో చెడిపోతే బంగ్లాలో తనకు మాట వస్తుందని ముందే వణుకుతున్నాడు.

"ఏంది తల్లీ నువ్వు! బడి పిల్లలకే చోటు లేదు. సంటిపోరలు ఒక్క గడియ కుదురుగుంటరా? వాడు కదుల్తడు, ఫోటో ఖరాబైతది. తొట్టిల పండబెట్టేతందుకు బంగ్లా నుంచి బొమ్మ వచ్చింది. అది సక్కగ పంటది."

అమ్మ తిరిగి వస్తూ దారంతా పిల్లవాడి ముఖమే చూసుకుంది. నాకు మాత్రం ఒక ఉపాయం తట్టింది. మరియమ్మ వేషం నాదే. తొట్టిలో బిడ్డను పడుకోబెట్టే పని నాదే. మిగతా ఆడపిల్లలు ఆ బొమ్మను గడ్డిమోపులా పట్టుకుంటున్నారని, ఎప్పుడూ తమ్ముణ్ణి చంకనేసుకుని తిరిగే నన్ను సారే ఏరి పెట్టాడు. మరి నా చేతిలో ఎవరుండాలో నేను చూసుకోలేనా?

అవ్వ చెవిలో చెప్పాను. అవ్వకు అప్పటికి నాలుగే పళ్ళు. నాలుగూ కనపడేట్టు నవ్వింది.

"మరి బొమ్మనేం జేద్దమే?"

"నువ్వే ఒళ్ళె పెట్టుకో. కొంగు గప్పి జోకొట్టు. సారు నీ ఒళ్ళె పోరడున్నడనుకుంటడు."

"అబ్బో, నీ బుర్ర! అచ్చం మీ తాత బుర్రనే. ఆయనగ్గూడ గిట్లాంటియే పుట్టేటియి."

ఇక తొట్టి మాట. సారు వెదురుబుట్ట పెడదామన్నాడు. పిల్లలం ఒప్పుకోలేదు. గ్రంథంలో పశువుల తొట్టి అని రాసి ఉంటే బుట్ట ఎందుకు పెడతాం? పశువుల తొట్టి మాకు తెలియనిదా? ఊళ్ళో అన్నిటికంటే అందమైన తొట్టి మా అవ్వదే. వెడల్పు మూతి కుడితి గోలెం, మట్టిది. బియ్యం కడిగిన నీళ్ళు, తవుడు, మిగిలిన గంజి అన్నీ అందులోనే పోసి బర్రెకు పెట్టేది. అవ్వ దాన్ని ఇయ్యడానికి మొదట ససేమిరా అంది.

"నా బర్రె ఆ గోలెం మూతి జూడంది చేపదు. చేపకుంటె పాలెట్ల పితకాలె? పొద్దుగూకే యాలకు నా గోలెం నా కొట్టంల ఉండాలె సారూ. ఉంటదంటెనే ఇస్త."

"మిట్టమధ్యాన్నమే ఫోటో అయిపోతదవ్వా. నేను మాటిస్తున్న," అన్నాడు సారు.

గోలేన్ని మూడుసార్లు కడిగి, ఎండబెట్టి, నిండా వరిగడ్డి కూరాం. అయినా దగ్గరికి పోతే పులిసిన కుడితి వాసన గుప్పున కొట్టేది.

పండుగనాడు పొద్దున్నే బడి ముందర పందిరి కింద అంతా తయారు. బంతిపూల దండలు, వెదురుబద్దలకు రంగుకాగితం అంటించిన చుక్క. దేవదూతల రెక్కలకు అమ్రాబాదు అడవి నుంచి వచ్చిన మోదుగ విస్తరాకులు వీపుకు కుట్టుకున్నారు. కదిలితే చాలు గలగలమని మోత. ముగ్గురు జ్ఞానులు గొంగళ్ళు కప్పుకున్నారు. అందరం నిల్చున్నాం. సాయిబు రాలేదు.

గద్వాలలో రైలెక్కాలి, రైలు దిగి బండి కట్టించుకోవాలి. ఆ రోజు రైలు ఎక్కడ నిద్రపోయిందో ఏమో! మధ్యాహ్నం దాటింది. దేవదూతలకు ఆకలేసి ఒకరి రెక్కలోని ఆకు ఇంకొకరు పీకి, అందులో గారెలు పెట్టుకుని తిన్నారు. ఒక జ్ఞాని గొంగట్లో నిద్రపోయాడు. నీడలు సాగిన తర్వాత, మూడుకాళ్ళ పెట్టె నెత్తిన పెట్టుకున్న కూలీని వెంటేసుకుని సాయిబు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"వెలుగు పోతుంది సార్, జల్ది, జల్ది! పిల్లలూ, పెట్టె కంటి మీది టోపీ తీసినంక అయిదు లెక్కపెడ్త. అప్పటిదాక హిల్నా నై, కదలొద్దు. గాలి గూడ పీల్చొద్దు."

ఆ గందరగోళంలోనే మా పని అయిపోయింది. ముసుగు సర్దుకునే వంకతో నేను అవ్వ పక్కకు పోయాను. బొమ్మ అవ్వ ఒళ్ళోకి, తమ్ముడు నా ముసుగులోకి. వాడి నోట్లో బెల్లం మూటకట్టిన గుడ్డ పెట్టాను. చీకుతూ కదలకుండా ఉంటాడని. వెనక్కి వచ్చి గోలెంలో గడ్డి మీద కూర్చోబెట్టినట్టు పడుకోబెట్టాను. అమ్మ గుంపులో నిలబడి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుకో, ఏడుపుకో ఆమెకే తెలియాలి.

అవ్వ మాత్రం బొమ్మను కొంగు కింద వేసుకుని జోజో అంటూ ఊగుతోంది. సారు చూశాడు.

"ఏమవ్వా, పోరడు పండిండా?"

"పండిండు సారూ. ఇయ్యాల ఉలుకు లేదు పలుకు లేదు. పండుగనాడు జర బుద్ధొచ్చింది."

"మంచిగైంది. గట్లనే ఊపు."

అంతలో తమ్ముడు బెల్లం గుడ్డను ఉమ్మేశాడు. అది పోయి ఒక జ్ఞాని కాలిమీద పడింది. వాడు దాన్ని తీసి మూడోకంటికి తెలియకుండా తన నోట్లో పెట్టుకున్నాడు. తమ్ముడు కాళ్ళు తన్నడం మొదలుపెట్టాడు. గడ్డి ఎగురుతోంది. ఒక చెయ్యి గాలిలో, ఒక కాలు గోలెం అంచు మీద. వాడు కుదురుగా ఉండకపోతే ఫోటోలో వాడి బదులు ఒక మసక మిగులుతుంది, ఆ మసకను నాయినకు పంపి ఏం చెప్పాలి? "ఒరేయ్, జర ఆగురా, నీకు దండం బెడ్త," అని పళ్ళు బిగించి గొణుగుతున్నాను. సారు సాయిబు పెట్టె వెనకాల, అవ్వ పక్కన ఉన్నాడు కాబట్టి సరిపోయింది. అంత దూరానికి బొమ్మా పిల్లవాడూ ఒక్కతీరే.

సాయిబు టోపీ తీశాడు. తల ఆకాశంలోకి ఎత్తి లెక్క మొదలుపెట్టాడు. "ఏక్..."

పొద్దు గూకే వేళ అయింది. కొట్టంలో కట్టిన బర్రెకు టైము తెలుసు, గడియారం అక్కరలేదు. గోలెం లేదు. తలుగు తెంపుకుంది. గాలి వాలుకు కుడితి వాసన పట్టుకుని, గొల్లల ఇల్లు దాటి, నేరుగా బెత్లెహేములోకి నడిచి వచ్చింది.

"దో..."

ఎడమ పక్కనుంచి పెద్ద నల్లతల లోపలికి వచ్చింది. దేవదూతలు తలలు తిప్పారు. రెక్కలు గలగలమన్నాయి. చుక్క పట్టుకున్న పిల్లగాడు చుక్కను బర్రె ముందర ఆడించి "హోయ్, హోయ్" అన్నాడు. ఒక జ్ఞాని ఇంకో జ్ఞాని వెనక్కి దూరాడు. నేను ముసుగులో నవ్వాపుకోలేక ఊగిపోతున్నాను.

"తీన్..."

తమ్ముడు ఆగిపోయాడు.

వాడికి ఒక అలవాటు ఉంది. అవ్వ రోజూ సాయంత్రం పాలు పితికేటప్పుడు వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకునేది. మొదటి ధారకు చెంబులో లేచిన వేడి నురుగను వేలితో తీసి వాడి పెదాలకు రాసేది. అందుకని బర్రె తల కనపడితే వాడికి లోకంలో ఇంకేమీ పట్టదు. కాలు కదలదు, చెయ్యి కదలదు. పిట్టపిల్లలా నోరు తెరిచి, నురుగ కోసం చూస్తూ ఉంటాడు. అట్లాగే చూస్తూ ఉన్నాడు.

"చార్... పాంచ్!"

సాయిబు టోపీ పెట్టి, కిందికి చూశాడు. బర్రె గోలెంలో మూతి పెట్టి, గడ్డి తోసి, పిల్లవాణ్ణి మూతితో ఒక పక్కకు జరిపి, కుడితి వెతుక్కుంటోంది.

"యా అల్లా! సార్, బొమ్మ నవ్వుతుంది!"

బర్రెకు గోలెం మూతి కనపడింది కదా, ఇంకేముంది, అక్కడికక్కడే చేపింది. పాలు బొట్లుబొట్లుగా నేలమీద పడుతున్నాయి. అది చూసి అవ్వ అన్నీ మరిచిపోయింది.

"నా బర్రె చేపింది! చెంబు దేండ్రే! చెంబు!" అని లేచి, చేతిలో ఉన్నదాన్ని పక్కనున్న సారు చేతుల్లోకి విసిరింది.

పిల్లవాడే వచ్చి మీద పడ్డాడనుకుని సారు కెవ్వున కేకేసి పట్టుకున్నాడు. పట్టుకుని చూస్తే నీలికండ్ల సీమబొమ్మ. చేతిలోని బొమ్మను చూశాడు, గోలెంలోని బొమ్మను చూశాడు. అదే సమయానికి గోలెంలోని బొమ్మ గోలెం అంచు దాటి బర్రె మూతిమీదికి ఉచ్చపోసింది. ఊరంతా నవ్వింది. నవ్వి నవ్వి దేవదూతలు కింద కూలబడితే రెక్కలు చిరిగాయి. అవ్వ అక్కడే గొంతుకూర్చుని, జ్ఞాని తెచ్చిన బంగారు కానుక, అది మా ఇత్తడి చెంబే, అందులోకి పాలు పితికింది. మొదటి నురుగ తమ్ముడికి, రెండోది సాయిబుకు.

సారు మాత్రం సాయిబును ఆ రాత్రి బళ్ళోనే ఉంచుకున్నాడు. తెల్లారి వెలుగు బాగున్నప్పుడు ఇంకో ఫోటో తీయించాడు. అందులో గోలెం బదులు బుట్ట. బొమ్మను తనే స్వయంగా పడుకోబెట్టి, నా పక్కనే ఒక చెయ్యి దూరంలో నిలబడి కాపలా కాశాడు. అది సీమకు పోయింది. అందులో అందరం బొమ్మల్లా ఉన్నామని విన్నాను.

నెల తర్వాత కాగితం చుట్టతో సారు మా గుడిసెకు వచ్చాడు. అమ్మ ముందర పెట్టి, ఎటో చూస్తూ అన్నాడు.

"గిది మీ బర్రె చెడగొట్టింది. బంగ్లాల అక్కరలేదన్నరు. మీరే ఉంచుకోండ్రి."

అమ్మ విప్పి చూసింది. అందరి ముఖాలూ చెదిరాయి. బర్రె మబ్బులా ఉంది. నా ముసుగులో ముఖం రెండుగా ఉంది. గోలెంలో తమ్ముడు మాత్రం కంటి రెప్పలతో సహా, తెరిచిన నోట్లో కొత్తగా వచ్చిన రెండు పళ్ళతో సహా ఉన్నాడు. అమ్మ ఆ ఫోటోను రెండు అట్టల మధ్య పెట్టి, తిరగబెట్టి తిరగబెట్టి చివరికి జ్వరం తగ్గి పనికి తిరిగి పోతున్న చిన్నాయన రొట్టెల మూటలో కట్టింది.

అక్కడ జరిగింది చిన్నాయన తర్వాత వందసార్లు చెప్పాడు. నాయిన అప్పుడే మట్టిగంప దించి, చేతులు కూడా దులుపుకోకుండా ఫోటో పట్టుకున్నాడట. చాలాసేపు చూసి, వెనక్కి ఇచ్చేశాడట.

"గిది మిషనోళ్ళ బొమ్మ. తొట్టిల బొమ్మనే పండబెడ్తరని నాకు తెల్వదా? నన్నెందుకు మోసం జేస్తున్నర్రా?"

"అన్నా, గీ నల్లటిది ఏందో జూడు."

"ఏమో. మబ్బా?"

"మబ్బుకు కొమ్ములుంటయా? మన బర్రె. గోలెం ఎతుక్కుంట వచ్చింది. ఇప్పుడు నీ కొడుకు మొకం జూడు. నోరెందుకు తెరిచిండు?"

నాయిన మళ్ళీ చూశాడట. ఆయన కూడా అవ్వ కొడుకే. ఆయనకూ చిన్నప్పుడు సాయంత్రమైతే ఆ కొట్టంలోనే, ఈ బర్రె తల్లి దగ్గరో దాని తల్లి దగ్గరో, అట్లాగే నోరు తెరుచుకుని కూర్చోవడం తెలుసు. బొమ్మలకు నురుగ సంగతి ఎవరు చెబుతారు? నాయిన బొటనవేలు ఫోటోలో గోలెం కింద అట్లాగే అతుక్కుపోయిందట. ఆ వేలి ఎర్రమట్టి మరకనే మొన్న మనవరాలు తుడవబోయింది.

ఇరవై రోజులకు నాయిన వచ్చాడు. పొద్దుగూకే వేళ, ఫోటో తలగుడ్డలో పెట్టుకుని. ఈసారి చేతిలో గిలక్కాయ లేదు. గడప దగ్గర ఆగలేదు. తిన్నగా కొట్టంలోకి పోయాడు. అక్కడ అవ్వ పాలు పితుకుతోంది, పక్కన తమ్ముడు కూర్చుని ఉన్నాడు. కొత్త మనిషిని చూడగానే వాడు లంకించుకున్నాడు ఏడుపు. ఊరు ఎగిరిపోయేంత ఏడుపు. నాయిన అవ్వ చెంబులో వేలు ముంచి, నురుగ తీసి ముందర పట్టాడు.

ఏడుపు ఠక్కున ఆగింది. నోరు తెరుచుకుంది. వాడు కదలకుండా చూస్తున్నాడు.

"ఇగో! గిదే మొకం! గిదే!" అని నాయిన నవ్వుతూ గంతేసిన గంతుకు బర్రె బెదిరి చెంబు తన్నేసింది. ఆ రోజు పాలన్నీ నేలపాలు. అవ్వ తిట్టలేదు.

అక్కడే, ఆ పాల బురదలోనే, వాడికి పేరు పెట్టాడు. పేరు ఇక్కడ రాయను, వాడికి కోపం వస్తుంది. తర్వాత నాయిన చూరులో చెయ్యి పెట్టి దుమ్ము పట్టిన రెండు గిలక్కాయలూ తీసి, తుడిచి, తమ్ముడి చేతికొకటి ఇచ్చాడు. వాడు రెండింటినీ ఒకసారి చూసుకున్నాడు. తర్వాత ఒకటి నాయిన నెత్తిన కొట్టాడు. రెండోది బర్రెకు తగిలింది.